ఈగలకు మేడ

తేనెటీగల పెంపకంలో కొత్తగా చేరినవారికి పనికొచ్చే చిన్న పుస్తకం వేస్తున్నామని, అందులో ఒక పేజీ రాయమని ఈ మధ్య నన్ను అడిగారు. అంశం వాళ్ళే ఇచ్చారు: మొదటి ఏడాది పెట్టెకు తేనె కోసం పై పెట్టె ఎప్పుడు ఎక్కించాలి. ఒక పేజీకి మించకూడదట. రైతులకు ఈగల పెట్టెలిచ్చి పెంపకం నేర్పే ఉద్యోగం ఇరవై తొమ్మిదేళ్ళు చేసినవాడికి ఒక పేజీ. పదవీ విరమణ రోజున కూడా ఇలాగే చేశారు. నా గురించి రెండు మాటలు చెప్పమని పెద్దసారును లేపితే, ఆయన నన్ను పట్టుపురుగుల శాఖవాడిగా పొగిడి కూర్చున్నారు. వేదిక మీద ఉన్నవాళ్ళెవరూ సరిదిద్దలేదు. పేర్లు రాయను గాని, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను.

అడిగిన పేజీ రాసి పంపాను. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

ముందు తెలియనివారి కోసం నాలుగు మాటలు. మా వైపు పెంచేది చెట్టు తొర్రల్లో, పుట్టల్లో కాపురముండే చిన్న ఈగ. కింది పెట్టెలో ఈగలు పట్టు కట్టుకునే ఎనిమిది చట్రాలుంటాయి. రాణి గుడ్లు పెట్టేదీ, పిల్లలు పెరిగేదీ అక్కడే. దాని మీద ఎక్కించే పొట్టి పెట్టె తేనె కోసం. కొత్త కుటుంబానికి తొందరపడి ఎక్కిస్తే పైనున్న ఖాళీకి లోపలి వెచ్చదనం పోయి పిల్లలు చస్తాయి, మైనపు పురుగు పడుతుంది. ఆలస్యం చేస్తే చోటు చాలక, సగానికి పైగా ఈగలు పాత రాణిని తీసుకుని లేచిపోతాయి. ఎనిమిదింటిలో ఏడు చట్రాలను ఈగ కప్పి, పై అంచున కొత్త మైనం తెల్లగా కనిపించిందంటే ఇక ఆగకూడదు. ఆ వారమే ఎక్కించాలి.

నా పై పెట్టెలు టెక్కలి ఆఫీసు వెనక గదిలో ఉండేవి, తాళంచెవి నా జేబులో. రైతులకు ముందుగా ఇవ్వకపోవడానికి కారణముంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రావివలస వైపు ఒక రైతుకు రెండు పెట్టెలూ ఒకేసారి ఇచ్చి వచ్చాను. ఆయన ఆ సాయంత్రమే పైది ఎక్కించేశాడు. పుష్యమాసపు మంచు. పదిహేను రోజులకు మూత తీస్తే చట్రాల నిండా సాలెగూళ్ళలాంటి పురుగు దారాలు. అప్పటి అధికారి నాకు మెమో ఇచ్చాడు. నేను నాలుగు పేజీల జవాబు రాశాను. దాన్ని చదవకుండానే ఫైల్లో పెట్టించారని గుమాస్తా నాతో చెప్పి నవ్వాడు. ఆ తర్వాత నాకు ఎన్ని మెమోలు వచ్చినా నాలుగు పేజీలకు తగ్గకుండా జవాబు రాశాను, ఎవరూ చదవరని తెలిసే రాశాను. ఏ రైతు చేతికీ పై పెట్టె ముందుగా ఇవ్వడం మాత్రం ఆనాటితో మానేశాను. నేనే తేవాలి, నా చేత్తోనే ఎక్కించాలి.

ఉద్యోగం ఇంకా రెండేళ్ళు ఉందనగా బారువ వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో ఒకాయనకు పెట్టె ఇచ్చాను. యాభై నిండని మనిషి. తుఫాను మిగిల్చిన జీడితోట, ఇంటి చుట్టూ కొన్ని కొబ్బరిచెట్లు. కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాట వింటే ఎవరూ ఆశ్చర్యపోరు, ఎన్నాళ్ళయిందని మాత్రం అడుగుతారు. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చేవాడు. వచ్చిన రోజు మంచం దిగేవాడు కాదు. మర్నాడు మెల్లగా లేచి పెట్టె పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాడు.

పెట్టె ఎందుకు తీసుకున్నావని మొదటిరోజే అడిగాను.

"కూకుని సేసే పని ఇంకేటుంది బాబూ నాకు. కొబ్బరెక్కలేను, గొప్పు తవ్వలేను. ఈటిని సూసుకుంటా కూకుంటాను. నాకు రోగమని ఈటికి తెలవదు కదా."

పెట్టె కాళ్ళ కింద నాలుగు కొబ్బరిచిప్పలు పెట్టి, చీమలెక్కకుండా వాటిలో నీళ్ళు పోసేవాడు. తనకు రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని లెక్క ఉంది. ఈగల పెట్టె చిప్పలు మాత్రం ఏ రోజూ ఎండనివ్వలేదు. నేను ఎన్నో ఊళ్ళు తిరిగాను గాని మొదటి ఏడాది రైతుల్లో అంత శ్రద్ధ చూడలేదు.

పై పెట్టెను ఆయన మేడ అనేవాడు. నేను వెళ్ళిన ప్రతిసారీ అదే ప్రశ్న.

"ఈగలకి మేడెప్పుడు కడతారు బాబూ?"

"తొందరేముంది? మొదటి ఏడాది కుటుంబం నిలబడితే చాలు. మేడ వచ్చే ఏడాది కట్టొచ్చు."

"వొచ్చే పూతకా?" అని నవ్వాడు. "వొచ్చే పూతకి నానుంటానో, నా మంచముంటాదో. ఈ పూతకే మేడెక్కితే సూడాలనున్నాది."

"ఎప్పుడూ అదే మాటేటి నీకు" అని ఆయన భార్య లోపలినుంచి కసిరింది. "సారు టీ తాగుతారో నేదో అడుగు."

అప్పుడు మాట ఇచ్చాను. ఈ పూతలోనే ఏడు చట్రాలు నిండితే, నిండిన వారమే పై పెట్టె తెచ్చి నా చేత్తో ఎక్కిస్తానని.

ఆయనకు ఒక అన్న ఉన్నాడు. ఒకే గోడకు అటు ఇల్లు. అరవై దాటినా కొబ్బరిచెట్టు ఎక్కేవాడు. ఆయన నోటి గురించి చెప్పాలి. మాఘమాసం, జీడి పూత బాగా విచ్చుకుంది. ఆ రోజు మూత తీసి చూస్తే ఆరు చట్రాలు నిండాయి. ఇంకో పది రోజులు ఆగాలన్నాను. అన్న నాకు బొండాం కొట్టి చేతికిస్తూ, తోటలో పనికి వచ్చిన ఆడవాళ్ళు నలుగురు వినేలా అన్నాడు.

"నానూ మూడు నెల్లుగా సూత్తన్నాను. వొత్తాడు, మూత తీత్తాడు, మూత యేత్తాడు, బొండాం తాగుతాడు, పోతాడు. మేడ మాత్రం టెక్కల్లో తాళమేసి దాసుకుంటాడు. తేనె పట్టినాక మేడతో సహా అట్టుకెళ్ళిపోతాడు, సూడండి."

ఆ నలుగురూ నవ్వారు. నేను ఇన్నేళ్ళలో ఒక్క చెంచా తేనె ఎవరి పెట్టెలోనూ ఊరికే తీసుకోలేదు. అది వాళ్ళకు తెలియాల్సిన అవసరం లేదు. కానీ మంచం మీద కూర్చున్న ఆ రోగిష్టి మనిషి కూడా నవ్వాడు. అది ఓర్చుకోలేకపోయాను.

బొండాం తాగకుండా అరుగు మీద పెట్టేశాను. "ఇక నన్ను పిలిస్తేనే వస్తాను" అన్నాను.

"ఆడి నోరే అంత బాబూ" అని తమ్ముడు లేవబోయాడు. "ఆ నోటికి జడిసి ఆడి పెళ్ళాం పుట్టింటికి పోతే ఓ నెల్లాళ్ళు రాదు. మీరు మనసులో ఎట్టుకోకండి."

నేను బండి తీశాను. టెక్కలి చేరేదాకా హెల్మెట్టు లోపల ఆ అన్నకు జవాబు చెబుతూనే ఉన్నాను. ఒకదాన్ని మించి ఒకటి మంచి జవాబులు.

అయినా ఆ వారంలోనే వాళ్ళకోసం పై పెట్టె సిద్ధం చేశాను. చట్రాలకు తీగ లాగి, మైనపు రేకులు అతికించి, నా బల్ల పక్కన పెట్టుకున్నాను. పని విషయంలో నాకు కోపతాపాలు లేవని నాకు నేను చెప్పుకున్నాను.

పదో రోజున తమ్ముడు ఫోను చేశాడు. ముందే ఫోటో పంపాడు. పెట్టె గుమ్మం కింద ఈగలు గడ్డంలా గుత్తులుగా వేలాడుతున్నాయి. ఈ పనిలో ఉన్నవాడికి ఆ ఫోటో చాలు. లోపల చోటు లేదు.

"మేడ అడుగుతున్నాయి బాబూ. రేపొత్తారా?"

ఆ గొంతు ఎంత నీరసంగా ఉందో నాకు వినబడింది. వినబడనట్టు మాట్లాడాను.

"ఆ మాట మీ అన్నగారిచేత చెప్పించండి. వస్తాను."

"ఆడు సిగ్గుపడతాడు బాబూ. పోనీ సెప్పి సూత్తానులెండి" అన్నాడు.

నాలుగు రోజులు ఫోను రాలేదు. అయిదో రోజు ఉదయం మా ఆఫీసు అటెండరు చెప్పాడు. హరిశ్చంద్రపురం నుంచి రైల్లో వచ్చిపోయే మనిషి, ఆయన అత్తవారిది నేను పెట్టె ఇచ్చిన ఊరే.

"సార్, మీ ఈగలాయన రాత్రి పోనాడంట. పలాస తీసుకెళ్తుంటే దారిలోనే."

పెళ్ళికి పిలిస్తే వెళ్ళాలి, చావుకు వింటే వెళ్ళాలి. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట. నేను విన్నాను. వెళ్ళలేదు. ఆఫీసులో తనిఖీ ఉందని ఒక కారణం, శవం దగ్గర ఈగల సంగతి మాట్లాడితే బాగుండదని ఒక కారణం. ఇంకా రెండు మూడు కారణాలున్నాయి. అన్నింటి కింద ఉన్నది మాత్రం ఒకటే: పిలిస్తేనే వస్తానని నలుగురి ముందు అన్నాను. పై పెట్టె బల్ల పక్కనే ఉంది. కాలు చాపినప్పుడల్లా తగిలేది.

ఆయన పోయిన నాలుగో రోజు మధ్యాహ్నం అటెండరు నా దగ్గరకు వచ్చాడు.

"సార్, మీకోసం ఎవులో వొచ్చినారు. ఉద్దానం పెద్దాయన. లోపలికి రమ్మంటే రానంటన్నాడు. ఓపాలి మిమ్మల్నే బయిటికి రమ్మంటన్నాడు."

కిటికీలోంచి చూశాను. రోడ్డుకు అవతల, టీ బడ్డీకి కూడా కాస్త ఎడంగా, ఎండలో నిలబడి ఉన్నాడు అన్న. కాళ్ళకు చెప్పుల్లేవు. గడ్డం మాసింది. భుజం మీద తువ్వాలు.

"పని ఉన్నవాళ్ళు లోపలికి వస్తారు" అన్నాను. "గుమ్మం నేనేం మూసెయ్యలేదు."

అటెండరు వెళ్ళి వచ్చాడు. "ఆడే ఉంటానన్నాడు సార్."

"ఉండనీ."

నేను ఏదో ఫైలు తెరిచాను. ఆయన గంటసేపు నిలబడ్డాడు. టీ బడ్డీవాడు గ్లాసు చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. మా గేటునే చూస్తూ ఉన్నాడు. వచ్చాడు గాని తలవంచడం లేదు, గుమ్మం ఎక్కడానికి కూడా పొగరే అనుకున్నాను. తర్వాత పలాస బస్సు వచ్చి ఆగింది. అది కదిలాక చూస్తే ఆయన లేడు.

ఆ తర్వాత నాలుగు రోజులకు పెద్దకర్మ కార్డు వచ్చింది. అటెండరు చేతికిచ్చి పంపారు. పైన, "తేనెటీగల మాస్టారు గారికి" అని రాసి ఉంది. నా జీవితంలో ఏ ఆహ్వానం మీదా నా హోదా అంత మర్యాదగా రాయలేదు. చదివి నాకు సంతోషం వేసింది. చావు కార్డు చూసి సంతోషించిన మనిషి నాకు తెలిసి ఇంకొకడు లేడు. పిలుపు వచ్చింది, నా మాట నెగ్గింది అనుకున్నాను.

పదకొండో రోజు పొద్దున్నే పై పెట్టెను బండి వెనక తాడుతో కట్టుకుని బయలుదేరాను. దారి పొడవునా జీడి పూత రాలుతోంది. అక్కడక్కడ పచ్చి పిందె కట్టింది. పూత అయిపోవచ్చిందని చూస్తూనే ఉన్నాను, అయినా ఇంకో పది రోజులు తేనె వస్తుందని లెక్క వేసుకున్నాను.

పందిరి కింద జనం ఉన్నారు. నేను ముందు పెట్టె దగ్గరికే వెళ్ళాను. కొబ్బరిచిప్పల్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఆయన లేకపోయినా ఎవరో పోస్తున్నారు. గుమ్మం దగ్గర మాత్రం ఒక్క ఈగ లేదు. చెవి ఆనించాను. ఖాళీ కుండకు ఆనించినట్టుంది.

మూత ఎత్తాను. మూత లోపలివైపు, చట్రాలకు పైనున్న ఆ బెత్తెడు సందులో, తెల్లని కొత్త మైనంతో రెండు అరచేతులంత పట్టు కట్టి ఉంది. పైన చోటు కావాలని అవి అడిగాయి. నేను ఇవ్వకపోతే మూతకే కట్టుకున్నాయి. పట్టులో ఒక మూల కత్తితో కోసి ఉంది.

"అది నానే కోసినాను" అన్నాడు వెనకనుంచి అన్న. గుండు చేయించుకున్నాడు. "నిన్న మైల తీరినాక మూత తీసినాం. ఆడికి ఇట్టమని ఇయ్యాల ఆకులో కాసింత యేసినాం."

"ఈగలు ఎప్పుడు లేచాయి?"

"మూడో నాడు. ఎముకలు ఏరి మేం ఇంటికొచ్చేసరికి మబ్బులాగ లేసినాయి. అదిగో, ఆ జీడికొమ్మకి బుట్టలాగ ఏలాడినాయి."

"ఎంతసేపు?"

"సేపేటి బాబూ. రెండ్రోజులు."

నేను చెట్టు వైపు చూశాను. కొమ్మ చేతికందే ఎత్తులో ఉంది. గుంపు అలా వేలాడిందంటే దారి చూసుకుంటోందని అర్థం. కింద ఖాళీ పెట్టె పట్టి, కొమ్మను ఒక్కసారి విదిలిస్తే చాలు. నా సర్వీసులో ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. ఐదు నిమిషాల పని.

"పిల్లల్ని రానీకుండా నానా కొమ్మ కిందే కూకున్నాను" అన్నాడాయన. "మైలోళ్ళం ముట్టుకోగూడదన్నారు పెద్దోళ్ళు. ముట్టుకున్నా మాకు పట్టడమొచ్చా. మీరు సేత్తోనే పడతారని ఆడు సెప్పేవోడు. ఫోను సేద్దుమంటే మీ నంబరు ఆడి ఫోన్లో ఉండిపోనాది. అది ఆడి యేలు పెడితేనే తెరుసుకుంటాది."

తన వేలు ఒకసారి చూసుకున్నాడు.

"అందుకే టెక్కలొచ్చినాను. సావు మైలతో ఒకరి గుమ్మం ఎలాగెక్కుతాను. బయిటికొత్తారని సూసినాను. నాను ఎల్లినాక మర్నాడు పొద్దున్న యెల్లిపోనాయి. పెట్టెలో మిగిలిన కాసినీ మొన్న ఆటెనకే పోనాయి."

నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. ఎవరు ఎప్పుడు నన్ను ఏమన్నారో అంతా గుర్తున్నవాడిని, నేనన్నది మాత్రం గుర్తులేదు.

ఒక విషయం ఇక్కడ చెప్పకపోతే ఈ రాయడమంతా దండగ. ఆయన మైలలో ఉండి లోపలికి రాలేదన్న సంగతి ఆ రోజు నాకు తట్టలేదని చాలాకాలం అందరికీ చెప్పాను. ఇంట్లో కూడా అలాగే చెప్పాను. అది నిజం కాదు. చెప్పుల్లేని కాళ్ళు చూసినప్పుడే తట్టింది. తట్టినా, ఆయన ఇంకాసేపు ఎండలో నిలబడితే బాగుంటుందనిపించింది. అంతే జరిగింది.

"బండికి కట్టుకొచ్చింది మేడేనా?" అని అడిగాడు అన్న.

"అవును."

"ఎక్కించండి."

"ఈగలు లేవు కదా."

"ఈగలకి కాదు. ఆడు సూత్తానన్నాడు. ఇయ్యాలిటిదాకా ఆడు ఇక్కడే తిరుగుతాడంటారు."

తాడు ముడి నాకు రాలేదు. ఆయనే విప్పాడు. కట్టుకున్న పట్టు రాలిపోకుండా మూత పక్కన పెట్టి, కింది పెట్టె అంచులు తుడిచి, పై పెట్టెను దించాను. నాలుగు వైపులా సరిగ్గా కూర్చుంది. ఎక్కడా వెంట్రుకవాసి సందు లేదు. నా పనిలో ఎప్పుడూ లోటుండదు.

తమ్ముడి భార్య వచ్చి కొంచెం దూరంలో నిలబడింది. అంతకుముందు ఆమె పై పెట్టెను చూడలేదు.

"ఇంతేనా?" అంది. "ఇంత సిన్నదా. ఆయన సెప్తుంటే ఇంటంత ఉంటాదనుకున్నాను."

అన్న వెళ్ళి బొండాం కొట్టి తెచ్చాడు. రెండు చేతులతో అందుకుని చివరిదాకా తాగాను. తాగుతున్నంతసేపూ ఆయన ఏదో ఒక మాట అంటాడని ఎదురుచూశాను. అని ఉంటే నాకు తేలికయ్యేది, జవాబు చెప్పగలిగేవాణ్ణి. ఆయన కొబ్బరిచిప్పల్లో నీళ్ళు ఉన్నాయో లేదో వంగి చూసి, పందిరి కిందికి వెళ్ళి వచ్చినవాళ్ళకు ఆకులు వేయించసాగాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారికి నేను చెప్పగలిగింది ఇదీ. ఏడు చట్రాలు నిండితే ఎక్కించండి. మీకు రైతు మీద కోపం ఉండొచ్చు, ఆఫీసు మీద ఉండొచ్చు, ఉండటానికి కారణాలు కూడా ఉంటాయి. నాకు ఉన్నన్ని ఎవరికీ ఉండవు. కానీ మిమ్మల్ని ఎవరు ఏమన్నారో ఈగకు తెలియదు. పూత ఎన్నాళ్ళుంటుందో దానికి తెలుసు.

మరుసటి ఏడాది ఇంకో కుటుంబాన్ని పట్టి తెస్తానని వాళ్ళకు కబురు పంపాను. వద్దు బాబూ అని ఆవిడ కబురు పంపింది. కోపంగా కాదట, మామూలుగానే అన్నదట.

ఆ పై పెట్టె నేను వెనక్కి తేలేదు. ఆయన పోయిన ఏడాదే మార్చి నెలాఖరుకు ఆఫీసులో సామాను సరిచూసి, ఒక పై పెట్టె తక్కువ ఉందని, అది ఏ రైతుకు, ఏ తేదీన, ఏ ప్రయోజనం కోసం ఇచ్చారో మూడు రోజుల్లో తెలపాలని నాకు మెమో ఇచ్చారు. అలవాటు ప్రకారం నాలుగు తెల్ల కాగితాలు తీసుకుని కూర్చున్నాను. ఏ ప్రయోజనం కోసం అన్న చోట ఆగిపోయాను. వారం తర్వాత గుర్తుచేస్తూ మరొకటి వచ్చింది. గుమాస్తా స్వయంగా వచ్చి, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

నా ఉద్యోగంలో నేను జవాబు రాయని మెమో అదొక్కటే.